మంచు పడితే కుంటే కారు

ఇంజను మిస్ కొట్టడం అంటే ఏమిటో తెలియనివాళ్లకు నేను మా నాన్న, అంటే మా బాపు, కొలిమి కథ చెబుతాను. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా తయారు చేసేటప్పుడు ముగ్గురు మనుషులు ఒకరి వెంట ఒకరు సమ్మెట వేసేవారు. ఆ దెబ్బలకు ఒక వరస ఉండేది. ఎవరైనా ఒక దెబ్బ తప్పితే మా బాపు తల ఎత్తకుండానే తప్పినవాణ్ణి తిట్టేవాడు. కారు ఇంజను కూడా అంతే. నాలుగు సిలిండర్లు ఒకదాని వెంట ఒకటి మండాలి. ఒకటి మండకపోతే బండి ఆగిపోదు, కుంటుతూ నడుస్తుంది. అదే మిస్ కొట్టడం.

ఆ చెవి మా బాపు నుంచి నాకు వచ్చింది. సమ్మెట పట్టే ఓపిక మాత్రం రాలేదు. పద్దెనిమిదేళ్లకు నిజాంసాగర్ కట్ట పనికి పోయి నీళ్లు తోడే ఇంజన్ల దగ్గర, కంకర కొట్టే మిషన్ల దగ్గర కాలం గడిపాను. కట్ట పూర్తయ్యాక కామారెడ్డికి తిరిగివచ్చి, స్టేషను దారిలో బియ్యం మిల్లు గోడకు ఆనించి ఒక రేకుల షెడ్డు వేసుకున్నాను. మా కొలిమికి అది కూతవేటు దూరం. అప్పట్లో ఆ చుట్టుపక్కల కార్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బండి మూల తిరిగి నా షెడ్డు చేరేలోపే దానికేం రోగమో చెప్పేవాణ్ణి. వినేవాళ్లు నోరు తెరిచేవారు. దాంతో నాకు పొగరు బాగానే పెరిగింది. అది పొగరని అప్పుడు నాకు తెలియదు, పనితనం అనుకునేవాణ్ణి.

ఆ కార్లలో ఒకటి ఎల్లారెడ్డి పక్క పల్లెటూరి పటేలుది. నాలుగు ఊళ్లలో భూమి ఉన్నవాడు. కామారెడ్డి కచేరీలో ఆయనకు ఏదో ఒక తగాదా నడుస్తూనే ఉండేది, అందుకని కారు వారానికి ఒకసారైనా వచ్చేది. దాన్ని నడిపేవాడు యాభై దాటిన ముస్లిం మనిషి. పట్నంలో చాలాకాలం కార్లు నడిపి, ఏడేళ్ల కిందట పటేలు కొలువులో చేరాడు. నేను చాచా అని పిలిచేవాణ్ణి. మాట తక్కువ, బండిని మాత్రం కన్నబిడ్డలా చూసుకునేవాడు. పటేలు ఇంటి ప్రహరీకి ఆనుకుని ఒక అర్ర ఇచ్చారు, అందులో భార్యాభర్తలు ఉండేవారు. ఆమెకు ఆ ఇంట్లోనే కుట్టుపని. అంటే ఆ స్టీరింగు చేతిలో ఉన్నంత కాలమే వాళ్లకు ఇల్లూ, తిండీ.

జర్మనీతో యుద్ధం మొదలై పెట్రోలుకు కూపన్లు వచ్చిన ఏడు, దసరాకు ముందురోజు ఆ కారు నా షెడ్డుకు వచ్చింది. పటేలుకు ఒక పట్టింపు ఉండేది: దసరా నాడు కారుకు పూజ దాన్ని బాగుచేసే మిస్త్రీ చేతి మీదుగానే జరగాలి. సిలిండర్లకు నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గులు తీసి గీకాను, నూనె మార్చాను, ఇంజను మీద మట్టి పోయేలా తుడిచాను. మర్నాడు పొద్దున నట్లు విప్పే నా పానాలూ, మరలు తిప్పే పేచ్‌కస్‌లూ వరసగా పేర్చి, కారు ముందు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టాను. అందరూ బానెట్ మీద, చక్రాల మీద పెడతారు. నేను బానెట్ ఎత్తి ఇంజనుకు కూడా పెట్టేవాణ్ణి. నాలుగు ప్లగ్గుల పింగాణీ తెల్లగా నుదురులా కనిపించింది. నాలుగింటికీ నాలుగు బొట్లు పెట్టాను. ఎండితే కుంకుమ రాలిపోతుందని మా అవ్వ గడపకు బొట్లు పెట్టేటప్పుడు చిటికెడు బెల్లం నీళ్లలో కలిపి పెట్టేది. కామారెడ్డిలో బెల్లానికి కరువేముంది. నేనూ అట్లాగే కలిపాను. ముందువైపు రెండు ప్లగ్గుల మీద బొట్టు కాస్త కిందికి కారి ఇనుము దాకా పోయింది. చూసి, నిలువు బొట్టు అయిందిలే అనుకున్నాను.

చాచా పక్కన నిలబడి పూజ అంతా చూశాడు. నేనిచ్చిన కొబ్బరి ముక్క తిని బండి తీసుకుపోయాడు.

కార్తీకంలో చలి మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం అతను షెడ్డుకు వచ్చాడు.

"మిస్త్రీ, పొద్దుగాల మిస్ కొడుతున్నది. లింగంపేట దాటినంక సాఫ్ అయితది."

ఇంజను ఆన్ చేయించి విన్నాను. నాలుగూ సరిగ్గా మండుతున్నాయి. అయినా పేచ్‌కస్ పరీక్ష చేశాను. కట్టె పిడి ఉన్న పేచ్‌కస్ మొనను ఇంజను ఇనుముకు ఆనించి, దాని నడుమును ప్లగ్గు తలకు తగిలిస్తే ఆ ప్లగ్గు కరెంటు ఇనుములోకి పోతుంది. మండుతున్న సిలిండరు అయితే ఇంజను వెంటనే కుంటుతుంది. చచ్చిన సిలిండరు అయితే తేడా తెలియదు. నాలుగింటి దగ్గరా ఇంజను కుంటింది. అంటే నాలుగూ బాగున్నాయి.

"ఇప్పుడు కొడుతలేదు గద చాచా."

"ఇప్పుడు కొట్టది. పొద్దుగాలనే. మంచు పడ్డనాడు జర ఎక్కువ కొడుతది."

ప్లగ్గులు విప్పి చూశాను. రెండింటి కొసలు మసిబారి ఉన్నాయి. గీకి శుభ్రం చేశాను. బొట్టు చెరగకుండా పింగాణీకి కాగితం చుట్టి పట్టుకున్నాను. పెట్టిన బొట్టు తుడవడం మా ఇండ్లలో ఎంత కీడో చెప్పనక్కరలేదు. మనిషికైనా, గడపకైనా, మిషనుకైనా అది దానంతట అది పోవాలి తప్ప మన చేత్తో తీయకూడదు. చాచా నా చేతుల వైపే చూస్తున్నాడు.

"గంతేనా తుడిచేది?" అన్నాడు.

"మండేది గీ కొసనే చాచా. పైన ఏముంటది?"

నేను ప్లగ్గులు బిగించేదాకా ఆగాడు. తర్వాత, "ఒక్కపారి మా ఊరికి రా మిస్త్రీ. తెల్లారంగ బండి స్టార్ట్ చేస్త, నీ చెవులతోని ఇను," అన్నాడు.

"బండి నా దగ్గరికి రావాలె గని, నేను బండి దగ్గరికి వస్తనా?" అన్నాను. షెడ్డు ముందు కూర్చున్న నలుగురు నవ్వారు. నాకు ఆ నవ్వు బాగానే అనిపించింది.

పది రోజుల తర్వాత చాచాతో పాటు పటేలు కూడా వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. పొద్దున బయలుదేరితే బండి రెండు సిలిండర్ల మీద నడిచి, ఎత్తు ఎక్కలేక దారిలో రెండుసార్లు ఆగిందట. కచేరీలో ఆయన పేషీ పిలిచేసరికి మనిషి లేడు. వాయిదా పడడమే కాదు, అవతలివాళ్ల ముందు నగుబాటయింది. ఈసారి రోగం పట్టుకునేదాకా బండి ఇక్కడే ఉండాలన్నాడు. చాచాను షెడ్డు దగ్గరే ఉండమని చెప్పి, తాను దోమకొండలో చుట్టాలింటికి పోయాడు.

ఇంజను చల్లగా ఉంటే మిస్ కొడుతుంది, వేడెక్కితే పోతుంది. ప్లగ్గుల కొసలకు మసి. నేను కూర్చుని ఆలోచించాను. పెట్రోల్లో గ్యాస్‌నూనె, అదే కిరోసిన్, కలిస్తే సరిగ్గా ఇట్లాగే ఉంటుంది. చల్లని ఇంజనులో గ్యాస్‌నూనె మండదు, వేడెక్కాక మండుతుంది. కూపన్ల కాలం. పెట్రోలు అమ్ముకుని ఆ మేరకు గ్యాస్‌నూనె పోసేవాళ్లు అక్కడక్కడా ఉన్నారని వింటూనే ఉన్నాం. చాచా దగ్గరికి పోయినప్పుడు అతని చొక్కాకు గ్యాస్‌నూనె వాసన వచ్చింది. గ్యాస్‌నూనెతో సామాన్లు కడిగే నా చొక్కాకూ అదే వాసన ఉంటుందని ఆ క్షణాన నాకు తోచలేదు.

ట్యాంకులో ఉన్నదంతా ఒక డబ్బాలోకి వంపాను. నా దగ్గర దాచుకున్న పెట్రోలు పోశాను. కారును షెడ్డు లోపలికి తోసి రేకు తలుపు వేశాను. మర్నాడు తెల్లవారగానే హ్యాండిలు తిప్పితే ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. నాలుగు దెబ్బలూ గడియారంలా పడ్డాయి. రోగం దొరికిందని సంబరపడ్డాను.

ఇప్పుడు ఆలోచిస్తే నవ్వూ రాదు, ఏడుపూ రాదు. నేను పెట్రోలు మార్చాను, బండి పడుకునే చోటూ మార్చాను. పటేలు ఇంట్లో అది నాలుగు గుంజల మీద వేసిన పందిరి కింద, బావి పక్కన ఉండేది. నా షెడ్డు ఒక గోడ అవతల మిల్లు ఇంజను రోజంతా నడిచేది, ఆ గోడ ఎప్పుడూ వెచ్చగానే ఉండేది. రెండు మార్చి, ఒకదాన్ని పట్టుకున్నాను. చాచా మంచు అని చెప్పిన మాట నా చెవిలో పడింది కానీ లోపలికి పోలేదు. నేను ఇంజన్లను వినేవాణ్ణి, వాటిని నడిపేవాళ్లను వినేవాణ్ణి కాదు.

పటేలు రాగానే నలుగురి ముందూ చెప్పాను.

"పెట్రోల్ల గ్యాస్‌నూనె కలుస్తున్నది పటేలా. ఎవరు కలుపుతున్నరో నాకు తెల్వది."

ఆ రెండో మాట నన్ను నేను కాపాడుకోవడానికి అన్నది. ఆ ట్యాంకు మూత తీసేది ఒక్క మనిషే అని అక్కడున్న అందరికీ తెలుసు.

పటేలు చాచా వైపు తిరిగాడు. చాచా నా వైపు చూశాడు. కోపంగా కాదు, నేను ఇంకా ఏమైనా చెబుతానేమో అన్నట్టు చూశాడు. నేను పానాలు సర్దుకుంటున్నాను.

"నేను కలుపలే పటేలా," అన్నాడు. ఒక్కసారే అన్నాడు. పటేలు తాళంచెవి కోసం చేయి చాపాడు. తాళంచెవి బానెట్ మీద పెట్టి, భుజం మీది తువ్వాలు సర్దుకుని, ఎల్లారెడ్డి పోయే బస్సు ఆగే చోటికి నడిచి వెళ్లాడు. సామాను తెచ్చుకోవాలి కదా. రెండు రోజుల్లో ఆ అర్ర ఖాళీ అయిందని తర్వాత తెలిసింది.

మూడు వారాలు కాకముందే పటేలు మనిషిని పంపాడు. కొత్తగా తన బావమరిది కారు నడుపుతున్నాడు, ట్యాంకు మూతకు తాళం కూడా వేయించాడు, అయినా పొద్దున్నే మిస్ కొడుతూనే ఉంది, వెంటనే రమ్మని కబురు. ఈసారి బండి నా దగ్గరికి రావాలని నేను అనలేదు. నా పెట్రోలు డబ్బా నేనే మోసుకుని బస్సెక్కాను. ఆ సాయంత్రం పటేలు ఇంటికి చేరి అరుగు మీద పడుకున్నాను.

తెల్లవారి లేచేసరికి మంచు బాగా దిగి ఉంది. బావి గిలక కనిపించడం లేదు. ప్రహరీ పక్క అర్రలో ఇప్పుడు పశువుల మేతకు పల్లికట్టె నింపారు. నేను ట్యాంకు ఖాళీ చేసి నా పెట్రోలు పోసి హ్యాండిలు తిప్పాను. ఇంజను అందుకుంది, కుంటింది. నాలుగు దెబ్బల్లో రెండే పడుతున్నాయి. నా పెట్రోలు, నా చేతులు. గ్యాస్‌నూనె అనడానికి ఇక ఎవరూ మిగల్లేదు.

పేచ్‌కస్ పెట్టాను. వెనకవి రెండూ బతికి ఉన్నాయి. ముందువి రెండూ చచ్చాయి. వంగి చూస్తే ఆ రెండు ప్లగ్గుల మీది బొట్లు తడిగా మెరుస్తున్నాయి. రెండు నెలల వేడికి నల్లబడి, ఈ మంచుకు మళ్లీ కరిగి జిగటగా ఉన్నాయి. బెల్లం తేమను వదలదు కదా. ఒక దాని మీద వేలు పెట్టి చూశాను. వేలి నుంచి మోచేయి దాకా కరెంటు కొట్టింది. ప్లగ్గు లోపలికి పోవలసిన కరెంటు నా బొట్టు మీదుగా, కారిన ఆ చార మీదుగా ఇనుములోకి పోతోంది. ఎండెక్కి ఇంజను కాగితే బొట్టు ఎండుతుంది, కరెంటు తన దారిన పోతుంది.

ఇంజను ఆపి గుడ్డ తీశాను. అప్పుడు కూడా, అంతా తెలిసిపోయాక కూడా, బొట్టు తుడిస్తే ఏమవుతుందో అని జంకాను. కావలసిన కీడు అప్పటికే అయిపోయింది, అది మరొకరి ఇంట్లో అయింది. నాలుగూ తుడిచి మళ్లీ స్టార్ట్ చేశాను. నాలుగు దెబ్బలూ వరసగా పడ్డాయి. నా జీవితంలో అంత వినబుద్ధి కాని ఇంజను చప్పుడు ఇంకోటి లేదు.

పటేలు నోట్లో యాపపుల్లతో బయటికి వచ్చాడు. వెనకే బావమరిది, ఇద్దరు జీతగాళ్లు.

"దొరికిందా మిస్త్రీ?"

ప్లగ్గులు గీకాను, బాగైంది అని చెప్పి బస్సెక్కవచ్చు. ఎవరికీ తెలియదు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. గుడ్డ నా చేతిలోనే ఉంది, దాని మీద ఎర్రగా నల్లగా మరక.

"దొరికింది పటేలా. దసరా నాడు నేను పెట్టిన బొట్టే. మంచుకు తడిసి కరెంటును తాగుతున్నది. చాచా ఏం కలుపలే. తప్పు నాది."

పటేలు గుడ్డను చూసి, నన్ను చూసి నవ్వాడు. "బొట్టు పెడితె బండి చెడుడు నేను యాడ ఇనలే. సరే, గాయన కామారెడ్డిలనే ఉన్నడట. రమ్మను," అన్నాడు. తాళంచెవి కనిపించకపోతే వెతికి తెమ్మన్నట్టు అన్నాడు. ఆ తేలికతనానికి నాకు ఒళ్లు మండింది. మండడానికి నాకు హక్కు లేదని కూడా తెలుసు.

షెడ్డుకు రాగానే మొదట చేసిన పని, మూల పెట్టి ఉన్న ఆ పాత డబ్బా మూత తీయడం. ఆ రోజు కారు ట్యాంకు నుంచి నేను వంపిన పెట్రోలు దాన్లో అట్లాగే ఉంది. ఒక చుక్క కాగితం మీద వేశాను. గ్యాస్‌నూనె కలిస్తే మరక మిగులుతుంది. కాగితం చూస్తుండగానే ఆరింది, మరక లేదు. ఆ చుక్క మొదటి రోజే వేయవచ్చు. ఒక నిమిషం పని.

అతను స్టేషను ముందు తాంగా తోలుతున్నాడు. వెతకనక్కరలేకపోయింది, మూడు వారాలుగా రైలు వేళకు నా షెడ్డు ముందు నుంచే పోతున్నాడట. నేనే తల ఎత్తి చూడలేదు. నేను పోయేసరికి గుర్రానికి పట్టీ బిగిస్తున్నాడు.

"చాచా, పటేలు నిన్ను రమ్మంటున్నడు."

"మిస్ దొరికిందా?" అన్నాడు పట్టీ వదలకుండా.

"దొరికింది. బొట్టు."

తల ఊపాడు. ఆశ్చర్యపోలేదు.

"నీకు ఎరుకనా?" అన్నాను.

"అనుమానం ఉండె. పొద్దుగాల ముట్టుకుంటె జిగట జిగట ఉంటుండె."

"మరి తుడువకపోయినవా చాచా?"

అప్పుడు నా వైపు తిరిగాడు. "నేనా? పండుగనాడు నువ్వు పెట్టిన బొట్టు నా చేతితోని తుడుస్తె ఆ ఇంట్ల ఏమనుకుంటరు? ఊర్ల ఏమంటరు? ఇప్పుడున్న దినాలు ఎసొంటియి? అందుకే తెల్లారంగ రమ్మన్న. నువ్వు చూస్తవు, నీ బొట్టు నువ్వే తుడుస్తవు అనుకున్న."

షెడ్డు ముందు నలుగురు నవ్విన నవ్వు గుర్తుకొచ్చింది. "నలుగుర్ల చెప్పిన చాచా, తప్పు నాదే అని. పటేలు పెట్టుకుంట అన్నడు," అన్నాను.

"నీ మాట మీద తీసిండు, నీ మాట మీద పెట్టుకుంటడు. ఏడేండ్లు నేను నడిపిన మిస్త్రీ. నా మాట ఏమాయె?"

రైలు వచ్చింది. అతను మెట్ల దగ్గరికి పోయి, మూటలు దింపుకుంటున్న ఒక ముసలామెను అడిగి తాంగా ఎక్కించుకున్నాడు. పటేలు దగ్గరికి మళ్లీ పోలేదు.

ఆ తర్వాత దసరాలకు కూడా నేను పూజ చేశాను. బొట్టు బానెట్ మీద పెట్టి, బానెట్ మూసే ఉంచేవాణ్ణి. ఏ బండి వచ్చినా నడిపే మనిషిని కూర్చోబెట్టి, అతను చెప్పేదంతా అయ్యేదాకా పానం ముట్టేవాణ్ణి కాదు. ఈ మిస్త్రీ పద్ధతి వేరు అని జనం మెచ్చుకునేవారు. ఆ పద్ధతి ఎక్కడిదో ఎవరికీ చెప్పలేదు.

ఎండాకాలం వచ్చింది. రోజూ రెండు పూటలా ఆ తాంగా నా షెడ్డు ముందు నుంచి పోయేది. ఎడమ చక్రం తిరిగినప్పుడల్లా ఒకచోట టక్కుమనేది. కట్టె ఎండి ఇనుప పట్టా వదులైందని కమ్మరి కొడుకునైన నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా బాపు కొలిమిలో పూట పని. బయటికి పోయి చెబుదామని చాలాసార్లు లేచాను. లేచిన ప్రతిసారీ అతను ముందుకే చూస్తూ పోయాడు, నేను మళ్లీ కూర్చున్నాను. ఒకరోజు పొద్దున తాంగా ఆ టక్కు చప్పుడు లేకుండా సాగిపోయింది. పట్టా కొత్తగా బిగించి ఉంది. కామారెడ్డిలో మాది కాక ఇంకో కొలిమి ఉంది, ఊరికి అవతలి కొసన. అక్కడిదాకా పోయి బిగించుకున్నాడు.